దించడం రాని బండమామ

నూర్పిళ్ళయ్యాక కళ్ళంలో రాతిగుండు ఎత్తే పందెం పెడితే ఎవరు గెలుస్తారో ఊళ్ళో పాలుతాగే పిల్లలకూ తెలుసు. బండమామ వంగి, గుండును మోకాళ్ళ మీదికీ, రొమ్ము మీదికీ, చివరకు భుజం మీదికీ ఎక్కించి, వీపు వెనక్కి వదిలేసేవాడు. ఆ అదురుకు మూడు వీధుల అవతల పాలకుండలు ఒరిగేవని చెప్పుకుంటారు. అది మరీ ఎక్కువ. రెండు వీధులే.

అంతటి మనిషి, కూతురికి బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి సొంత ఇంట్లో దొంగలా తిరుగుతున్నాడు. ఉయ్యాలలోకి తొంగిచూసి మురిసిపోతాడు. ఎత్తుకోమంటే మాత్రం గేదెకు మేత వెయ్యాలంటాడు. ఆ లెక్కన మేస్తే ఆ గేదె ఈపాటికి ఏనుగైపోవాలి.

తెల్లారితే కూతురు అత్తారింటికి ప్రయాణం. బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండానే అడిగింది.

"ఊళ్ళో రాళ్ళన్నీ ఎత్తావు. నా పిల్లే బరువైందా నాన్నా? ఆడపిల్ల అనా?"

బండమామ గడప దగ్గరే కూలబడ్డాడు.

"అవేం మాటలే తల్లీ. ఎత్తడానికేముంది, చిటికెలో పని. నాకు దించడం రాదు."

"దించడం రాకపోవడమేంటి?"

"గుండును ఎవడైనా దించుతాడా? భుజం దాటించి వదిలెయ్యడమే. బస్తా అయినా దబ్బున పడెయ్యడమే. బుద్ధెరిగాక దేన్నీ మెల్లగా కిందపెట్టిన చేతులు కావివి. అలవాటు కొద్దీ వదిలేస్తేనో?"

వంటింట్లోంచి భార్య అందుకుంది. "చెంబు పెట్టినా ఇల్లదురుతుంది, నిజమే. నిన్నూ అంతేనే. ఎత్తుకునేవాడు, దించడానికి నన్ను కేకేసేవాడు. ఒకసారి నేను సంత నుంచి వచ్చేదాకా నిన్ను మోస్తూ వాకిట్లో నిలబడే ఉన్నాడు. ఇప్పుడు నా నడుం వంగదుగా, అదీ ఈయన బెంగ."

కూతురికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బిడ్డను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. బండమామ కొయ్యబారిపోయాడు. పిల్ల ఆవులించి, ఆయన మోచేతి వంపులో నిద్రపోయింది.

"ఇప్పుడు పరుపు మీదికి వంగు. ఇంకా. ముందు పిల్ల కాళ్ళు ఆననీ. తరవాత నడుం. తల చివర్న. చెయ్యి అప్పుడే లాగెయ్యకు."

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. బిడ్డ పరుపు మీద ఆనింది, నిద్ర చెదరలేదు. తల కింద నుంచి చెయ్యి ఒక్కో వేలే బయటకొచ్చింది.

"చూశావా, వచ్చేసింది" అంది కూతురు.

"ఏం రావడమే, నువ్వు పక్కనుండబట్టి గానీ. ఇంకోసారి చూపించు" అంటూ బండమామ పిల్లను మళ్ళీ ఎత్తుకున్నాడు.