అన్ని చెట్లకూ తెల్ల పట్టీ

మా ముత్తాత రాఘవరాజు గారు పన్నెండు గ్రామాల శిస్తు వసూలు చేసే ముఠాదారు. తాతగారు నరసింహరాజు గారి కబురు అందితే తప్ప కాలవకు లాకు ఎత్తేవారు కారు. ఆ ఇంటివాడినైన నేను 2022 వేసవిలో దుబాయ్ అవతలి రస్ అల్ ఖైమా కొండల కింద, ఒక లెబనాన్ పెద్దాయన తోటకు నీటి ఇంజనీరుగా వెళ్లాను.

ఆయనను అందరూ అబూ కరీం అంటారు, నన్ను ఆయన ముహందిస్, అంటే ఇంజనీరు, అని పిలిచేవారు. పాతికేళ్ల కిందట తన ఊరి కొండ మీది పైన్ విత్తనాలు తెచ్చి నాటారు. అవి మధ్యధరా తీరపు చెట్లు. వేసవి ఎండకు ఓర్చుకుంటాయి గాని, ఏడాది పొడుగునా నీరు తగ్గితే తట్టుకోలేవు. ఆ ఏడు బావి అడుగంటింది. కొమ్మల చివళ్లు ఎర్రబడ్డాయి. నేను థిన్నింగ్ చేయాలన్నాను. ఒత్తుగా పెరిగినవాటిలో కొన్నింటిని నరికి, ఉన్న తేమను మిగిలినవాటికి చాలనివ్వడమే థిన్నింగ్.

"మూడింట ఒకటి ఉంచుదాం. ఉంచవలసినవాటికి మీరే తెల్ల పట్టీ వేయండి" అని రంగు డబ్బా ఇచ్చి వచ్చాను.

వారం తరవాత, రంపాలతో ముందుగా వెళ్లిన మా జగిత్యాల రాజన్న ఫోన్ చేశాడు.

"సార్, ముసలాయన ఒక్క చెట్టు సుత ఇడిశిపెట్టలే. అన్నిటికీ తెల్లగ పూసిండు. ఇగ మనకు పనేడిది, ఖలాస్."

నేను వెళ్లేసరికి ఆయన చెట్ల మధ్య కుర్చీ వేసుకుని ఉన్నారు.

"ఈ గాలి చప్పుడు విను, ముహందిస్. మా ఊళ్లో ఇలాగే ఉండేది. ఆ కొండ కాలిపోయింది. ఇందులో దేన్ని నరకమంటావు?"

ఇంటి సంగతులు పనిలో చెప్పడం నాకు అలవాటు లేదు. ఆ రోజు చెప్పాను.

"మా తాతగారికి మామిడి తోట ఉండేది. నీళ్లు తగ్గినప్పుడు వరస విడిచి వరస తీసేయమని తోట చూసేవాళ్లు అన్నారు. మా తోటలో గొడ్డలి ఏమిటని ఆయన ఒప్పుకోలేదు."

"తరవాత?"

"ఒక్కటీ బతకలేదు."

అబూ కరీం లేచి రాజన్నను ఎర్ర రంగు అడిగారు. నరకవలసినవాటి తెల్ల పట్టీల మీద ఎర్ర గీతలు తానే గీశారు. రాజన్న డబ్బా పట్టుకుని వెంట నడిచాడు. "మెల్లగ, బాబా. చెట్లు యాడికి పోతయి."

మరుసటి వేసవికి మిగిలిన చెట్లు పచ్చగా చిగిర్చాయి.

"చప్పుడు పలచబడింది" అన్నారు అబూ కరీం.

నేనూ ఆయన పక్కన నిలబడి విన్నాను. మా తోటలో గాలి ఎలా వినిపించేదో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

నీరు తగ్గిన చోట అడవిని కాపాడాలంటే, ఎన్ని చెట్లను పోనివ్వాలో వేళ దాటకముందే ఒప్పుకోవాలి. ఇది నేను చదువులో కాక ఆ తోటలో నేర్చుకున్నాను. మా మామిళ్లు ఎండిన కట్టెగా అడితికి అమ్ముడుపోయాయి. నేలను ఆ మరుసటి ఏడు అమ్మారు.