రోహిణి కార్తెలో ఎండబెట్టిన మిరపకాయలు

రెండు కుంచాల ఎండుమిరపకాయలు, కుంచెడు చింతపండు, చాపెడు గుమ్మడి వడియాలు, ఒక బుట్ట ఉప్పుచేప. నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం, ఎసట్లో బియ్యం ఉడికేలోపు కురిసిన వానలో మాకు పోయినవి ఇవీ. వడియాల చాప కూడా కాలువలో కొట్టుకుపోయింది కాబట్టి దాన్నీ కలుపుకోవాలి.

అవి పందొమ్మిదివందల ఇరవైలు. నాన్న రంగూన్ రేవులో, బోటాటౌంగ్ గోదాముల దగ్గర బియ్యం బస్తాలు మోసేవాడు. అమ్మా నేనూ కళింగపట్నంలో స్టీమరెక్కి వచ్చి నెల కూడా కాలేదు. నాన్న జట్టులో పన్నెండుమందికి అమ్మ వండిపెట్టాలి. ఆ వంట నిలబడితే మేము నాన్నతో ఉంటాం. లేకపోతే తిరుగు స్టీమరులో మేమిద్దరం ఊరికి, నాన్న ఒక్కడూ ఇక్కడ. అమ్మ ఊరినుంచి మోసుకొచ్చిన సంభారాలకు ఓడ అడుగున చెమ్మ పట్టింది. అందుకే రోహిణి కార్తె రాగానే అన్నీ పెరట్లో ఆరబోసింది. మా ఊళ్ళో ఏడాది సరుకు ఎండేది ఆ కార్తెలోనే. అంతకుముందు రెండు మూడు జల్లులు పడ్డా అమ్మ వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

పక్కింటి మామ్మ బరంపురం వైపు మనిషి. రంగూన్‌లోనే తల నెరిసింది. తెలుగు, ఒడియా, బర్మా మాట మూడూ కలిపి తిట్టగలదు. ఆ పొద్దున గోడమీంచి తొంగిచూసి, “ఏటే, మబ్బు సూసినావా?” అంది.

“రోహిణిలో వానేటి మామ్మా? నువ్వు మరీని,” అని అమ్మ నవ్వేసింది.

వాన వచ్చింది. మా ఊళ్ళోలాగా నాలుగు చినుకులు రాలి, దుమ్ము వాసన వచ్చి, అప్పుడు మొదలైన వాన కాదది. ఆకాశాన్ని ఎవరో బోర్లించినట్టు పడింది. అమ్మ కొంగులోకి ఎత్తుకున్నది ఎత్తుకోగా, మిగతావి ఎర్రటి నీళ్ళై పోయాయి. అమ్మ తడిసిన మెట్టు మీద కూర్చుని ఏడుస్తూ, “కార్తె కూడా మోసం సేసింది మామ్మా,” అంది.

మామ్మ ఓదార్చలేదు. వాన తెరిపి ఇచ్చాక గంగాళం నిండా నీళ్ళు పట్టి పెరటి మధ్యలో పెట్టింది. నా చేతికి పొడి తువ్వాలు ఇచ్చింది.

“ఇదిగో పిల్లా, ఈ గోడ మనూరు. మీ యమ్మ కూకున్న మెట్టు రంగూను. మద్దెన సముద్రం. నువ్వు గాలివి. పరిగెట్టు.”

నేను గోడ దగ్గర బయల్దేరాను. తువ్వాలు పొడిగానే ఉంది. గంగాళం దగ్గరికి రాగానే, “ముంచు, ముంచు,” అని అరిచింది. ముంచాను. మెట్టు దగ్గర, “దులుపు,” అంది. దులిపితే అమ్మ ముఖమంతా నీళ్ళే.

“సూసినావా?” అంది మామ్మ. “ఈ కార్తెలో గాలి మనూరి మీంచి ఒట్టిసేతుల్తో ఎల్తాది. అందుకే అక్కడ ఎండ. సముద్రంలో మూట ఎత్తుకోని ఇక్కడ దింపుతాది, మీ ఆయన బస్తా దింపినట్టు. కార్తీకానికి ఎనక్కి తిరుగుతాది. అప్పుడక్కడ తుపాను, ఇక్కడ ఎండ. కార్తె మోసం సెయ్యలేదే. నువ్వే సముద్రానికి ఇవతలొడ్డుకి ఒచ్చినావు.”

అమ్మ ముఖం తుడుచుకుంటూ, ఏడుపు మధ్యలోనే నవ్వింది. “మరి కార్తీకందాకా పన్నెండుమందికి ఏటి పెట్టీది?”

మామ్మ ఆ సాయంత్రమే పొయ్యి పైన వెదురు తడక కట్టించి, అమ్మ దక్కించుకున్న కాస్త మిరపకాయలనూ దానిమీద పరిపించింది. వానలున్నన్నాళ్ళూ ఇక్కడివాళ్ళు పొగమీదే ఆరబెడతారని అప్పుడే తెలిసింది. తర్వాత చేట పట్టుకుని వీధిలో ఇల్లిల్లూ తిరిగి, మాకోసం మిరపకాయలు అడిగి తెచ్చింది. తన ఇంట్లోంచి రెండు మానికల మిరపకాయలు కొలిచి పోసింది. మా కూర ఆ వానాకాలమంతా చప్పగా ఉందని జట్టువాళ్ళు అమ్మను ఆటపట్టించారు గానీ, భోజనానికి ఒక్కరూ వేరే చోటికి పోలేదు. తిరుగు స్టీమరు మా ముగ్గుర్నీ ఇక్కడే ఉంచి వెళ్ళింది.

కార్తీకం రాగానే మామ్మ చెప్పినట్టే ఆకాశం తేటపడింది. అమ్మ కొత్త మిరపకాయలు ఎండబెట్టి, వీధిలో అందరి కొలతా తీర్చింది. మామ్మ మాత్రం తన వంతు పుచ్చుకోలేదు.

“నాకిచ్చినామెకి నేను తిరిగిచ్చినానా ఏటి? రోహిణిలో ఆరబోసుకునీ పిచ్చిది ఇంకోతి దిగుతాది. దానికియ్యి.”

దిగింది. ఒకతి కాదు, ఏటా ఎవరో ఒకరు. అమ్మ ఇచ్చింది, తర్వాత నేనిచ్చాను. నేను బడికి వెళ్ళింది తక్కువ. కుంచాలూ మానికలూ కొలుస్తూనే లెక్క నేర్చుకున్నాను. ఇప్పుడు ఇదే రంగూన్‌లో, తామ్వే పేటలో పదిమంది నాచేత లెక్కలు చూపించుకుంటారు. కొత్త చోట ఏదైనా తప్పితే, ముందు నేను ఏ ఒడ్డున నిలబడి లెక్కపెడుతున్నానో చూసుకుంటాను. అది ఆ పెరట్లో నేర్చినదే. ఎంతమందికి కొలిచి పోసినా, మామ్మ చేటలో తిరిగి పోసింది ఏమీ లేదు కాబట్టి, నా లెక్కలో ఆ బాకీ తరగలేదు. మామ్మకు మేమివ్వవలసింది ఈ రోజుకీ రెండు మానికలు.