లేచింది ఆకు

“డ్యూటీ సమయంలో నిద్రపోతున్నట్టు తేలినందున” అని మొదలయ్యే మెమో కింద ఆమె సంతకం ఉంది. చదివే పెట్టింది. పద్దెనిమిదేళ్లుగా ఆ మొక్కల పరిశోధనా సంస్థలో కాంట్రాక్టు మనిషి. పైవాళ్లు చాచిన కాగితాన్ని వెనక్కి నెట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

సంస్థలో అందరికీ ఆమె మొక్కలమ్మ. ఆమె పని కిటికీల్లేని గదిలో మొక్కలకు నీళ్లు పోయడం. ఇనుప అరల మీద అరచేతిలో పట్టే కుండీలు, పైన రాత్రీ పగలూ ఆరని ట్యూబులైట్లు, ఎప్పుడూ ఒకే చల్లదనం. బయట పొద్దు పొడిచిందో కుంకిందో ఆ మొక్కలకు తెలిసే దారి లేదు. అయినా తమ లోపలి గడియారాన్ని బట్టి అవి రోజూ ఒక వేళకు ఆకులు లేపుతాయి, ఒక వేళకు దించుతాయి.

ఒకసారి ఆ గదిలో కెమెరా పాడైంది. పరిశోధన చేస్తున్న అమ్మాయి ఊరు వెళ్లాలి. “అక్కా, ఈ ఒక్క ట్రే చూసిపెట్టవా? ఆకు ఎన్నింటికి లేస్తుందో రాస్తే చాలు,” అని ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టింది. అట్ట మీద తన చేతిరాతతోనే ‘మొక్కలమ్మ’ అని రాసింది.

మొక్కలమ్మ తెల్లారకముందే వచ్చి స్టూలు మీద కూర్చునేది. మొదటి రోజు రాసింది: లేచింది, ఆరింటికి. రెండో రోజు: లేచింది, తొమ్మిదింటికి. మూడో రోజు ఆకులు ఎంతకీ కదల్లేదు. కన్ను తిప్పితే ఆ క్షణం జారిపోతుందని నీళ్లకు కూడా లేవలేదు. లేచింది, పన్నెండింటికి.

నాలుగో రోజు ఆఫీసు సూపరింటెండెంటు తనిఖీకి వచ్చాడు. పుస్తకం తెరిచాడు.

“ఆరింటికి లేచింది, తొమ్మిదింటికి లేచింది, పన్నెండింటికి లేచింది! ఏవమ్మా, ఆ అమ్మాయి నీ బాగోతమంతా రాసిపెట్టిందే! మహారాణీగారికి పక్క మీదకే కాఫీ పంపమంటావా?”

వెంట వచ్చిన గుమాస్తాలు పకపకా నవ్వారు.

“రాసింది నేనే సార్. లేచింది నేను కాదు, ఆకు.”

“ఆకా!” నవ్వు రెట్టింపైంది.

మన భాషలో ఆడమనిషి లేచినా ‘లేచింది’, ఆకు లేచినా ‘లేచింది’. పుస్తకంలో ఉన్నది ఎవరి చేతిరాతో చూడాలని కూడా ఆయనకు తోచలేదు. సాయంత్రానికి మెమో వచ్చింది.

పది రోజుల తర్వాత ఆ అమ్మాయి తిరిగొచ్చి పుస్తకం చూసి ఎగిరి గంతేసింది. “రోజుకి మూడు గంటలు వెనక్కి పోతోంది అక్కా! వీటి గడియారమే నెమ్మది!” అంటూ ఆమెను కూర్చోబెట్టి చెప్పింది. మొక్క కణంలో గడియారాన్ని నడిపే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. వాటి మీద సమయానికి ఫాస్ఫేట్ అనే చిన్న ముద్ర పడాలి. ముద్ర పడ్డ ప్రోటీన్‌ను కణం ముక్కలు చేసి పారేస్తుంది, అప్పుడే కొత్త రోజు లెక్క మొదలవుతుంది. ఈ మొక్కల్లో ముద్ర వేసే ఎంజైమ్ మందకొడిది. ప్రోటీన్ పోవలసిన వేళకు పోదు, ఆకు లేవవలసిన వేళకు లేవదు.

“అంటే ముద్ర పడితే ఇక దాని పని అయిపోయినట్టేనా?”

“అంతే అక్కా.”

“అయితే నాకూ పడిందమ్మా,” అని మెమో చూపించింది.

అమ్మాయి ముఖం చిన్నబోయింది. “నేను మాట్లాడతాగా. ముందు ఈ ప్రయోగం ఒడ్డెక్కనీ.” ప్రయోగం ఒడ్డెక్కింది. బాగుచేసిన కెమెరా కూడా రోజుకి అదే మూడు గంటల ఆలస్యం చూపించింది. పరిశోధన అచ్చయింది, అమ్మాయికి మరోచోట ఉద్యోగం వచ్చింది. మాట్లాడతానన్న మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆ ఏడాదే కాంట్రాక్టు వాళ్లలో కొందరిని పర్మనెంట్ చేస్తామన్నారు. మొక్కలమ్మ ఆశంతా దాని మీదే. పర్మనెంట్ అయితే తన మీద ఆధారపడ్డ వాళ్లకూ సంస్థ ఆస్పత్రిలో వైద్యం దొరుకుతుంది. ఇంట్లో ఉన్నది ఒక్క చెల్లెలు. గుండె కవాటం చెడింది, ఆపరేషన్ కావాలి. జాబితా వచ్చింది. మెమో ఉన్నవాళ్ల పేర్లు కొట్టేశారు.

పెద్దాసుపత్రిలో చెల్లెలి వంతు పదకొండు నెలల తర్వాత అన్నారు. రెండు దిండ్ల మీద ఒరిగి, ఆయాసపడుతూనే ఆమె అక్కను ఆటపట్టించేది. “నువ్వు నిజంగా నిద్రపోయి ఉన్నా బాగుండేదే అక్కా. మెమో ఎటూ వచ్చింది, కాస్త నిద్రైనా దక్కేది.”

“నోర్మూసుకుని మందు మింగవే.”

ఏడో నెలలో చెల్లెలు పోయింది.

మొక్కలమ్మ ఇప్పటికీ ఆ గదిలోనే పనిచేస్తోంది. చెల్లెలు పోయాక సూపరింటెండెంటు ముందు తొలిసారి నిలబడి మెమో వెనక్కి తీసుకోమని అడిగింది. “ఇప్పుడు తీసేస్తే నీకేం ఒరుగుతుందమ్మా?” అన్నాడాయన, ఈసారి నవ్వకుండా.

“ఏం ఒరగదు సార్. నేను పడుకోలేదు. ఆ ముక్క రాయండి.”

రాయలేదు. పాత ఫైళ్లు తెరవకూడదన్నది ఆఫీసు పద్ధతట. అచ్చయిన పరిశోధనలో ఆ మూడు రోజుల గంటలూ పట్టికగా ఉన్నాయి. అవే గంటలు మెమోలో నేరంగా ఉన్నాయి. రెండూ ఒకే సంస్థవి, రెండు అంతస్తుల ఎడం. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివే మనిషి దొరకలేదు.

మెమో రద్దు చేయమని ఆ సంస్థ డైరెక్టరుకు రాసిన అర్జీని ఈ పేజీ వెనక అచ్చువేశాం. చించి, సంతకం చేసి, పంపండి. మీరే ఒక ప్రయోగశాల నడుపుతుంటే ఇంకొక్క పని కూడా చేయండి. మీ దగ్గర కుండీలకు నీళ్లు పోసే మనిషి ఫైలు తెప్పించి, అందులో ఆమె గురించి ఏం రాసి ఉందో ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదవండి. తప్పుంటే అక్కడే కొట్టేయండి.