పోటీకి ముందు కొట్టిన బంతి

నేను నాగర్‌కర్నూల్ దగ్గర బాలికల హాస్టల్ స్కూల్లో పీఈటీని. మూడేళ్ల కింద, మా స్కూల్లో చదివే, పాన్‌గల్ టైలర్ కూతురు షబానాను జట్టు ఎంపిక కోసం జరిగే గోల్ఫ్ పోటీకి హైదరాబాద్ తీసుకుపోయాను. ఆట మొదలుకాకముందే, "గడ్డి మీద బంతి ఎట్ల ఉరుకుతదో ఒక్కసారి కొట్టి చూడు" అన్నాను. కొట్టింది.

తర్వాత నోటీసు బోర్డు చదివి షబానా తెల్లబోయింది. పోటీ రోజు ముందుగా మైదానమంతా నడిచి చూడొచ్చు గానీ, బంతి కొట్టకూడదట. కొడితే లెక్కలో రెండు దెబ్బలు కలుపుతారట. తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్లు గెలిచే ఆట అది.

"ఎవ్వరు చూడలే, ఊకో బిడ్డా" అన్నాను.

"స్కోరు కార్డు మీద సంతకం పెట్టాలె గద మేడం. అబద్ధానికి ఎట్ల పెడ్త?" అని నిర్వాహకుడి దగ్గరికి పోయింది. "తెల్వక కొట్టిన సార్" అన్నది. కొట్టమన్నది నేనని చెప్పలేదు. పక్కనే ఉన్న నేనూ నోరు విప్పలేదు.

ఒక్క దెబ్బ తేడాతో ఆమెకు జట్టులో చోటు పోయింది.

బస్సులో, "నా పేరు ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

"కొట్టింది నేనే గద మేడం."

రూల్ తెలుసుకోకపోవడం నా తప్పు. తెలిశాక దాచమనడం అంతకన్నా పెద్ద తప్పు. ఆ మాట ఆమె ఎక్కడా అనలేదు. అందుకే నేనే రాస్తున్నాను.