గోరంట్ల పెళ్లికూతురి చీర

నా చిన్నప్పుడు మా వీధికి మగ్గాల చప్పుడుతోనే తెల్లవారేది. ధర్మవరానికి దగ్గరలో ఉండే ఊరు మాది. వాన పడితే చెనక్కాయ పంట, పడకపోతే మగ్గం. పడని ఏళ్లే ఎక్కువ కాబట్టి మగ్గాలూ ఎక్కువే. మాకు మాత్రం మగ్గం లేదు. మా నాయన నూనె మిల్లులో మూటలు మోసేవాడు. మగ్గం పక్కింట్లో ఉండేది. మగ్గం గుంతలోకి కాళ్లు జారవిడిచి కూర్చుని నేసే పక్కింటి అక్కకు అప్పుడు ఇరవై ఏళ్లుంటాయేమో. నాకు తొమ్మిది. బడి వదలగానే సంచి మా గడపలో పడేసి వాళ్లింటికి పరుగెత్తేదాన్ని. అక్క నేస్తుంటే నేను రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టేదాన్ని. కండె అంటే వేలెడంత పుల్ల. దానికి పట్టుదారం చుట్టి నాడెలో పెడితే, ఆ నాడె అటూ ఇటూ పరుగెత్తి చీరకు అడ్డపోగు వేస్తుంది. కూలి కింద నాకు గుప్పెడు బొరుగులు, ఒక బెల్లం ముక్క దక్కేవి. అవి పెట్టకపోయినా వెళ్లేదాన్ని. అక్కంటే నాకు అంత ఇష్టం.

వాళ్ల నాయన పోయి నాలుగేళ్లయింది. వాళ్లమ్మకు చూపు సరిగ్గా ఆనదు. ఇల్లంతా అక్క చేతి మీదే నడిచేది. ఆ చేతికి మా వైపు మంచి పేరుండేది. ధర్మవరం సాహుకారు దారం ఇచ్చి, చీర నేయించుకుని కూలి ఇచ్చేవాడు. మిగతా వాళ్ల చీరలను వెలుతురుకు ఎత్తి, తిప్పి తిప్పి చూసి తప్పు పట్టేవాడట. అక్క నేసిన చీరనైతే మడత కూడా విప్పకుండా బీరువాలో పెట్టేవాడట. ఈ సంగతి చెప్పేటప్పుడు అక్క ముఖంలో కాస్త గర్వం కనబడేది. ఉండదా మరి!

ఆ ఏడు అక్కకు పామిడి సంబంధం కుదిరింది. అబ్బాయి మిషన్ మీద బట్టలు కుట్టేవాడు. వాళ్లు పెట్టుపోతలేమీ అడగలేదు. వచ్చినవాళ్లకు కడుపునిండా అన్నం పెట్టి పంపితే చాలన్నారు. చాలనడం తేలికే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని పెద్దలు ఊరికే అన్నారా? మేనమామ ఒకాయన ఉన్నా, ఆ ఏడు ఆయన చేలో చల్లిన విత్తనం కూడా వెనక్కి రాలేదు. ఇక పెళ్లికూతురే తన పెళ్లికి పెద్దరికం వహించాలి. మగ్గం మీదున్న చీర కూలి, దాని తర్వాత నేయబోయే చీర కూలి, ఆ రెండే ఆమె ధైర్యం.

అక్కది సంతకం వరకు చదువు. నాది నాలుగో తరగతి. అందువల్ల పెళ్లి పట్టీ రాసే ఉద్యోగం నాకొచ్చింది. పాత క్యాలెండరు కాగితం వెనక, ముందుగా మనసులో ఉన్నవన్నీ రాయించింది. అన్నీ రాశాక ఒక్కొక్కటే కొట్టేయించింది. షామియానా వద్దు, వేపమండల పందిరి చాలు. వంటమనిషి వద్దు, వీధిలో ఆడవాళ్లున్నారు. బ్యాండు మేళం వద్దు, ఒక సన్నాయి, ఒక డోలు చాలు. ఓళిగల జోలికి మాత్రం పోలేదు. పూర్ణం పెట్టి నేతితో కాల్చిన ఓళిగ విస్తట్లో పడకపోతే మా వైపు దాన్ని పెళ్లి భోజనం అనరు. అన్నిటికంటే ముందు కొట్టేయించింది పట్టుచీరను.

"మాయమ్మ పెండ్లిచీర పెట్టెలో ఉండాది పాపా. అది కట్టుకుంటే మాయమ్మకు సంబరం, నాకు దుడ్లు మిగులు" అని నవ్వేసింది.

నాకు నవ్వు రాలేదు. ఎవరెవరి పెళ్లిళ్లకో పట్టుచీరలు నేసిపెట్టే మనిషి తన పెళ్లికి పాత చీర కట్టుకోవడమేమిటని ఒళ్లు మండిపోయింది. ఆ గీత వంకరగా గీసి లేచిపోయాను.

అప్పుడు మగ్గం మీద అరటిపువ్వు రంగు చీర ఉంది. గోరంట్లలో ఎవరో పెళ్లికూతురి కోసం సాహుకారు చెప్పి నేయిస్తున్నది. జరీ అంచు, కొంగు నిండా మామిడి పిందెలు. అది రోజూ జానెడు జానెడు పెరుగుతుంటే, నేను రాట్నం తిప్పుతూ దాన్ని నా మనసులో అక్కకు కట్టేశాను. తలలో పూలు కూడా పెట్టాను.

ఆ నెలలోనే ఎదురింటాయన నేసిన చీరలో రంగు తేడా వచ్చిందని సాహుకారు దాన్ని ఆయన మొహాన కొట్టాడు. పండగ రోజు ఆయన భార్య ఆ పట్టుచీర కట్టుకుని గుడికి వచ్చింది. ఆ చీర వెనక వాళ్లింట్లో ఏం జరుగుతోందో నాకేం తెలుసు? నాకు కనబడింది చీర ఒక్కటే. తప్పు పడిన చీర నేసినవాళ్లకే మిగులుతుందన్న మాట! ఇంత సులువైన సంగతి అక్కకు ఎందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయాను కూడా. నాకు నోరెక్కువ, బుద్ధి తక్కువ అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

అంతకుముందు నేసిన చీరలో మిగిలిన దారం వాళ్లింట్లో ఒక డబ్బాలో ఉండేది. అదీ అరటిపువ్వు రంగే, కాకపోతే ఒక ఛాయ తక్కువ. పగటి వెలుతురులో తేడా తెలుస్తుంది, మసక వెలుతురులో తెలియదు. ఒక సాయంత్రం కరెంటు పోయింది. అక్క లాంతరు పక్కన పెట్టుకుని నేస్తోంది. నేను ఆ డబ్బాలోని దారంతో రెండు కండెలు చుట్టి ఒకదాని తర్వాత ఒకటి అందించాను. అక్క ఆ రెండూ నేసి, ఈ పొద్దుకు చాల్లే అని నడుము పట్టుకుని లేచింది.

మర్నాడు బడికి పోయే ముందు కావాలనే వాళ్లింటికి వెళ్లాను. కిటికీలోంచి ఎండ నేరుగా మగ్గం మీద పడుతోంది. చీరకు అడ్డంగా నాలుగు వేళ్ల వెడల్పున వేరే రంగు పట్టీ కొట్టొచ్చినట్టు కనబడుతోంది. వాళ్లమ్మ తల పట్టుకుని గోడకు ఆనుకుంది. అక్క గంపలో అసలు దారం తరగకుండా ఉండటం చూసింది. డబ్బా మూత తీసి ఉండటం చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఇంక ఈ చీర నీదే కదక్కా!" అన్నాను.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను కోతిని చేసిపెట్టి, వినాయకుడు ఎంత బాగున్నాడో చూడమని మురిసిపోయాను. వాళ్లమ్మే నోరు తెరిచి అసలు సంగతి చెప్పింది. తప్పు చీర ఊరికే రాదట. దాని ఖరీదంతా సాహుకారు కూలిలో కోసుకుంటాడట. ఎదురింట్లో ఆ చీర పుణ్యమా అని ఇప్పుడు ఒక పూటే పొయ్యి వెలుగుతోందట. "పెండ్లి మునిగిపాయ కదమ్మే!" అని ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. అక్క కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే ఏడ్చి, రెండు రోజుల్లో మర్చిపోయేదాన్ని.

అక్క నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, సంచిలోంచి పెన్సిలు, కాగితం తీయమంది.

"ఒక జాబు రాయల్ల పాపా. గోరంట్ల అక్కకు. రాయి. అక్కా, నీ పెండ్లికి నేస్తాండే చీర మా అక్కకు కావల్లనిపించినాది. అందుకే చెడగొట్టినా. నీ పెండ్లి ఇంగ పదైదు దినాలే ఉండాది, నువ్వు వేరేది చూసుకో."

ఆమె గొంతులో కోపం లేదు. సరుకుల పట్టీ రాయించినట్టే చెప్పింది. 'గోరంట్ల అక్కకు' అని రాశాను. 'నీ పెండ్లికి' అని కూడా రాశాను. అంతవరకూ ఆ చీర సాహుకారుదనే అనుకున్నాను. ఆ బొజ్జ, ఆ ఉంగరాలు ఉన్న మనిషికి ఒక చీర పోతే ఏం లోటు? 'నీ' అన్న అక్షరం రాసేసరికి, గోరంట్లలో ఒక పిల్ల ఉందని మొదటిసారి తోచింది. ఆమె కూడా ఒక పట్టీ రాయించుకుని ఉంటుంది. అందులో ఎన్నో కొట్టేసి ఈ ఒక్క చీరను ఉంచుకుందేమో. దాని కోసం రోజులు లెక్కపెడుతోందేమో. పెన్సిలు ముందుకు కదల్లేదు. అక్క తొందరపెట్టలేదు. రాయలేనక్కా అన్నాను.

"రాయలేకపోతే విప్పుదాం, రా" అంది.

రెండు రోజులు విప్పాము. చిన్న కత్తెరతో అడ్డపోగును అక్కడక్కడా కత్తిరించి, నిలువు పోగు తెగకుండా ఒక్కొక్కటే లాగాలి. నేసేది గంటలో, విప్పేది రోజుల్లో. పట్టుపోగు వేలికి చుట్టుకుంటే ఊపిరి బిగబట్టి విడదీసేదాన్ని. మెడ నొప్పి పుట్టింది, కళ్లు మండాయి. లేచిపోతానని మాత్రం అనలేదు. మధ్యలో అక్క నా నోట్లో బొరుగులు పోసింది, కూలి ఎగ్గొట్టేదాన్ని కాదులే అని నవ్వించింది.

మూడో రోజు సాహుకారు మనిషి సైకిలు మీద చీర కోసం వచ్చాడు. వీధిలో అందరూ ఉన్నారు. నేను అక్క పక్కనే నిలబడి ఉన్నాను. అంతా చెప్పేద్దామని నోరు తెరిచాను. నా భుజం మీదున్న అక్క చెయ్యి గట్టిగా బిగుసుకుంది.

"నా చెయ్యి తప్పినాదన్నా. విప్పి మళ్లా నేస్తాండా. రెండు దినాలు తాళు" అంది అక్క.

"నీ చెయ్యి తప్పేదేందమ్మా?" అని ఆయన నోరెళ్లబెట్టాడు. మరుక్షణం వీధంతా వినబడేలా నవ్వాడు. "మనసు పామిడికి పోయినాక చెయ్యి ఈడ యాడ నిలుస్తాదిలే!"

అందరూ నవ్వారు. ఆ మాట వీధిలో పడి, కొళాయి దగ్గర పదిసార్లు తిరిగి, పామిడి దాకా పోయింది. ఒక్క పోగు తప్పని చేతికి పేరు పోయింది. అక్క కూడా వాళ్లతో కలిసి నవ్వింది కానీ, ఆమె చెవులు ఎర్రబడటం నేను చూశాను. చీర తప్పు లేకుండా రెండు రోజుల్లో పూర్తయి వెళ్లిపోయింది. సాహుకారు కూలిలో ఒక్క పైసా కోయలేదు. కానీ తర్వాతి చీరకు దారం ఇవ్వలేదు. పెళ్లయ్యాక, మనసు కుదురుకున్నాక చూద్దామన్నాడట. ఓళిగలు ఆ రెండో చీర కూలి మీదే ఉన్నాయి. అక్క పట్టీ తెమ్మంది. ఓళిగలు కొట్టేసి బెల్లమన్నం అని రాశాను. నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితం చిరిగింది.

పెళ్లి రోజు వేపమండల పందిరి కింద పామిడి ముసలాయన ఒకరు విస్తరి ముందు కూర్చుని, ఓళిగల్లేవా అప్పా అని అడిగాడు. నీళ్ల చెంబు పట్టుకుని అక్కడే ఉన్న నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన మాత్రం బెల్లమన్నం రెండుసార్లు వేయించుకున్నాడు. ఆ ముసలాయనకు ఈ రోజుకీ దండం పెడతాను.

అంతకుముందు, పొద్దున, అక్కకు వాళ్లమ్మ పాత చీర కడుతుంటే నేను కుచ్చిళ్లు పట్టుకున్నాను. తలెత్తి చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. గోరంట్ల పెళ్లి కూడా ఆ ముహూర్తానికే.

"ఈపాటికి ఆ పిల్ల కూడా కట్టుకుంటా ఉంటాది పాపా, మన చీర" అంది అక్క.

మన చీర అంది. చెడగొట్టిన నన్ను కూడా అందులో కలుపుకుంది. అప్పుడు తలెత్తి చూశాను. ఆ పాత చీరలో అక్క ఎంత అందంగా ఉందో చెప్పడం నా వల్ల కాదు. కుచ్చిళ్లు వదిలేసి ఆమె నడుము కరుచుకుని ఏడ్చాను. తల్లిదండ్రులు నాకు చాలా ఇచ్చారు. క్షమించడం ఎలా ఉంటుందో చూపించింది మాత్రం ఆ అక్కే.

మొన్న వేసవిలో పామిడి వెళ్లాను. అక్క మనవరాలికి పెళ్లి కుదిరింది. ఆ పిల్ల ఫోన్‌లో పట్టీ రాసుకుని తనే కొట్టేసుకుంటోంది. ఈసారి అసలు సంగతి అందరి ముందూ చెప్పి, ఇన్నేళ్ల బరువు దించుకోవాలని నిశ్చయించుకునే వెళ్లాను. అక్క చేతికి పోయిన పేరు తిరిగి ఇచ్చేయాలని నా ఉద్దేశం. అన్నాలు తింటుండగా బావ, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, మనవరాలితో మొదలుపెట్టాడు.

"మీ అవ్వ చెయ్యి జన్మలో ఒకే ఒక్కసారి తప్పినాదే. అదీ పెండ్లికి ముందు, నన్ను తల్చుకుని! కావల్లంటే ఈ మరదల్ని అడుగు, ఆడనే ఉన్నింది" అని నా వైపు తిరిగి మీసం దువ్వాడు.

ఆ ఇంట్లో ఈ కథ ఎన్ని వందలసార్లు చెప్పాడో, పిల్లలందరూ ముందే నవ్వుతున్నారు. నేను అక్క వైపు చూశాను. మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడిన అక్క ఆయన వెనకనుంచి నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది. అవును పాపా, నిజమే అని ఆ పిల్లకు బావ తరఫున సాక్ష్యం చెప్పాను.

నిజం చెప్పుకుంటే నా మనసు తేలికపడేది. కానీ అది నా ఒక్కదాని సుఖం. అందుకోసం బావ యాభై ఏళ్ల గర్వాన్ని విప్పి తీసుకోవాలా? నాకు కావాల్సింది ఏదైనా సరే, చెయ్యి చాచే ముందు అది ఎవరిదో చూసుకోమని అక్క నాకు తొమ్మిదేళ్లప్పుడే నేర్పింది. అందుకే ఆ రెండు కండెల సంగతి ఇక్కడ రాసి ఊరుకుంటున్నాను. పామిడి వాళ్లెవరైనా ఇది చదివితే ఒక్క మనవి. మా బావకు చూపు తగ్గింది, తనంతట తాను చదవలేడు. దయచేసి ఎవరూ చదివి వినిపించకండి.