తాళంచెవి పెడితే తగ్గుతుందని చెప్పింది నేనే

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్.

చెన్నన్న ఇక లేడు.

నమ్మలేదు. మొన్ననే ఫోన్ చేసి, ఒంగోలు నుంచి గొర్రెలకు నట్టల మందు తెమ్మన్నాడు. ఆ సీసా ఇంకా నా కౌంటర్ మీదే ఉంది.

తెలియనివాళ్ల కోసం... చెన్నన్న మా పెద్దనాయన కొడుకు. కొనకనమిట్ల దగ్గర మా ఊళ్లో గొర్రెలు కాసేవాడు. చిన్నప్పటి నుంచి ఫిట్స్.

మా ఇంట్లో కూడా ఆయన గ్లాసు వేరే ఉండేది. టీ తాగి, తనే కడిగి, గూట్లో బోర్లించేవాడు. "నా గ్లాసుకు రిజర్వేషన్ రా" అని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

పదేళ్ల కిందట ఇద్దరం మార్కాపురం సంతకు పోయాం. అక్కడ పడిపోయాడు. జనం మూగారు గానీ ఒక్కరూ ముట్టుకోలేదు. నురగ తగిలితే అంటుకుంటుందని భయం.

నేను బండి తాళం తీసి ఆయన పిడికిట్లో పెట్టాను. కాసేపటికి తగ్గింది.

ఇక నేను హీరో. ఏ పెళ్లికి పోయినా ఇదే కథ. చెన్నన్నే నన్ను ఎక్కించేవాడు, "ఆ తాళం సంగతి చెప్పు రా" అని.

మూడేళ్ల కిందట ఒంగోలులో డాక్టర్‌కు చూపించాను. మాత్రలు రాసి, ఒక మాట చెప్పాడు. తాళంతో తగ్గలేదు, దాని టైమ్ అయ్యాక అదే తగ్గింది. ఇది అంటుకునే జబ్బు కాదు. పడితే పక్కకు తిప్పండి, ఊపిరి ఆడేలా చూడండి. అంతే.

తిరుగు బస్సులో చెన్నన్న ఒకటే నవ్వు. "ఊళ్లో చెప్పబాక లే. నీ పరువు పోద్ది."

నేను చెప్పలేదు.

నిజంగానే నా పరువు కోసం చెప్పలేదు.

మాత్రలు వాడుతున్నా అప్పుడప్పుడు వస్తూనే ఉంది. నిన్న తెల్లారగానే గొర్రెలను కడగడానికి కుంటలో దిగాడు. మోకాటి లోతు నీళ్లు. అక్కడే ఫిట్స్ వచ్చి బోర్లా పడ్డాడు.

గట్టు మీద ఇద్దరున్నారు. మనవాళ్లే. ఒకాయన దిగబోతే రెండో ఆయన ఆపాడట. "ముట్టుకోబాక. ముందు చేతికి ఇనుము తగలాల."

బండి రోడ్డు మీద ఉంది. తాళం కోసం పరుగెత్తారు.

వచ్చి, ముందు తాళం చేతిలో పెట్టి, తర్వాత ఒడ్డుకు లాగారు.

సాయంత్రం ఊరికి పోతే, ఆపిన ఆ పెద్దాయనే నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "నువ్వు సంతలో పెట్టినట్టే పెట్టినాం నాయనా. మరి ఎందుకు తగ్గలా?"



అక్కడ కూడా నిజం చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఆ ఇద్దరినీ ఏమీ అనకండి. వాళ్లకు నేర్పింది నేను. తప్పని తెలిశాక మూడేళ్లు నోరు మూసుకున్నదీ నేనే.

ఎవరైనా అలా పడితే ఇనుము వెతక్కండి. పట్టుకోండి. పక్కకు తిప్పండి. మీకేం కాదు.

ఈ నాలుగు ముక్కలు మన ఊరి గ్రూపులో పెట్టి ఉంటే చాలు, మా వదినకు మొగుడు ఉండేవాడు.

పోయిరా చెన్నన్నా. నిన్ను ముట్టుకోవడానికి ఎవరూ భయపడని చోట ప్రశాంతంగా ఉండు.