మూడోది ఎక్కడికి పోతుంది

నేను వచ్చిన దగ్గరనుంచీ ఆ ఒక్క గది ఇంట్లో కొడుకూ కోడలూ రోజూ పోట్లాడుకునేవారు. చెల్లెలి దగ్గరికి పోవడమా, ఇక్కడే ఉండడమా అన్నది తేల్చుకోలేక ఒకరోజు ఊరికే ఢిల్లీ పక్కన వైశాలిలో మెట్రో ఎక్కాను. ఎదుటి సీట్లో తెలుగు ఆడపిల్లలు, ఒకతె ఇంటర్వ్యూకి ముగ్గురూ బయలుదేరారు.

“పని మీద ముగ్గురు కలిసి వెళతారటర్రా ఎక్కడైనా? ఒకళ్ళు వెనక బండిలో రండి,” అని కసిరాను.

కళ్ళజోడు పిల్ల నవ్వింది. “ఆకాశంలోనూ అంతే ఆంటీ, నేను చదివేది అదే. నక్షత్రాలు కిక్కిరిసిన గుంపులో బ్లాక్ హోల్స్ ఉంటాయి. అవి చచ్చిపోయిన పెద్ద నక్షత్రాలు, వెలుగును కూడా మింగేస్తాయి. బరువుకి గుంపు నడిమికి చేరతాయి. అక్కడ మూడు ఎదురుపడితే ఒకటి విసురుగా బయటికి పోతుంది. అది ఊపునంతా పట్టుకుపోతుంది కాబట్టే మిగతా రెండూ జంట కడతాయి.”

“మరి పోయినదాని గతేమిటే? చెడినట్టేనా?”

“అచ్ఛా, అలా అనుకున్నారా! దానికే వేగం ఎక్కువ ఆంటీ. ఒక్కోసారి గుంపునే దాటిపోతుంది.”

ఆ పిల్ల పేరు అడగలేదు. ఇంటికి వచ్చి పాత బియ్యం సంచీలో బట్టలు సర్దుతుంటే కోడలు కంగారుపడింది.

“కోపమొచ్చి కాదులే,” అన్నాను. “నాకూ చూడాల్సిన ఊళ్ళున్నాయి.”